హేమలత తాబేళ్ళ దగ్గర అయిదు రోజులు

బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు హైదరాబాదు ఛత్రినాకలో సిటీబస్సు ఎక్కాను. భుజానికి బట్టల సంచీ, చేతిలో చెప్పుల డబ్బా. డబ్బాలో చెప్పులు లేవు. నాలుగు పొడవాటి థర్మామీటర్లు, ఒకదానికొకటి తగలకుండా వరిగడ్డిలో పెట్టి ఉన్నాయి. ఆ గడ్డి ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసే మా ఆడపడుచు ఇంటి నుంచి తెచ్చింది. థర్మామీటర్లు ముందు రోజు అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రయోగశాల సామాన్లు అమ్మే దుకాణంలో కొన్నాను. "బుఖార్ దేఖ్‌నే కే నై హై యే, మాలూమ్ హై నా?" అని, ఇవి జ్వరం చూసేవి కావని తెలుసు కదా అని, దుకాణం ఆయన రెండుసార్లు అడిగాడు. మాలూమే అన్నాను. ఇవి ఇసుక వేడి చూడడానికి.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పేస్తాను. హేమలతా నేనూ ఛత్రినాక బళ్ళో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఇంటర్ కూడా కలిసే చదివాం. జువాలజీలో నాకు ఆమె కంటే ఆరు మార్కులు ఎక్కువ. ఈ సంగతి నేను తప్ప ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఆ ఏడే మా నాన్న చనిపోయాడు. నేను ఊరి బయట ఒక కోళ్ళ హేచరీలో చేరాను. పదకొండేళ్ళుగా ఇంక్యుబేటర్ గదిలో నా పని. గుడ్లకు వేడి సరిగ్గా ఉందో లేదో చూడడం, పుస్తకంలో రాయడం. హేమలత బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివి విశాఖపట్నంలో ఒక కాలేజీలో పరిశోధన చేస్తోంది. శ్రీకాకుళం వైపు తీరంలో సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట ఆమె మకాం.

మొన్న జనవరిలో పేపర్లో ఆమె ఫోటో వచ్చింది. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, ముందు బండంత తాబేలు. మా ఆయన దాన్ని శ్రద్ధగా కత్తిరించి మా ఇంట్లో అద్దం పక్కన అతికించాడు. "మీ దోస్తు మస్తు పేరు తెచ్చింది మన గల్లీకి" అన్నాడు. రోజూ తల దువ్వుకునేటప్పుడు ఆమె నన్ను చూసేది. నేను ఎన్ని లక్షల కోడిపిల్లలను గుడ్డు లోంచి బయటకు తెచ్చి ఉంటానో లెక్క లేదు. నా ఫోటో ఏ పేపర్లోనూ రాలేదు. రావాలని నేను అనుకోలేదు కూడా, ఆమెది వచ్చేదాకా.

తర్వాత ఉత్తరం వచ్చింది. "సుగుణా, గుడ్లు సరిగ పొదుగుతలేవే. కుక్కలు తవ్వి తినకుంట కంచెల పెట్టిన. అయినా లోపలనే చస్తున్నయి. ఎందుకో సమజైతలేదు. నా థర్మామీటర్ పగిలింది, కాలేజోళ్ళు కొత్తది ఎప్పుడిస్తరో. నీకు గుడ్ల సంగతి ఎర్క గద. నాలుగు దినాలు రారాదు?"

మూడుసార్లు చదివాను. మా ఆయనకు చదివి వినిపించేటప్పుడు 'సమజైతలేదు' అన్న చోట గొంతు కొంచెం పెంచాను. సాయం చేయడానికే వెళ్ళానని చెప్పుకుంటే మర్యాదగా ఉంటుంది. కానీ నిజానికి ఆమెకు చేతకానిది ఏమిటో దగ్గరగా చూడాలని వెళ్ళాను.

నాంపల్లి స్టేషన్‌లో వాల్తేరు రైలు సాయంత్రం అయిదు దాటాక కదిలింది. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా శాలిబండ వైపు ఉండే ఒక పెద్దామె, విజయవాడలో ఉన్న కూతురి దగ్గరికి పోతోంది. నా ఒళ్ళో డబ్బాను చాలాసేపు చూసి, ఇంత జాగ్రత్తగా పట్టుకున్నానంటే పెళ్ళి చెప్పులా అని అడిగింది.

"ఇత్తా సంభాల్ కే పకడే బేటీ, షాదీ కే జూతే హై క్యా?"

నేను చెప్పాను, తాబేలు గుడ్లున్న ఇసుక ఎంత వేడిగా ఉందో చూడాలని.

"తోబా! తాబేలు గుడ్డుకు గుడ బుఖారా?" అని నవ్వి, తన డబ్బాలోంచి కైమా కూరిన లుఖ్మీలు రెండు తీసి నా చేతిలో పెట్టింది. నా పులిహోర ఆమెకు సగం ఇచ్చాను. "నీ సహేలీ పిలిస్తె ఇంత దూరం పోతున్నవ్. నసీబ్‌దార్ హై ఓ" అంది. హేమలత అదృష్టవంతురాలట. నేను కిటికీ బయటికి చూస్తూ ఊఁ అన్నాను.

గురువారం ఉదయం ఏడుంబావుకు వాల్తేరులో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని, రిక్షాలో బస్టాండుకు వెళ్ళి, ఎనిమిదిన్నర బస్సు పట్టుకుంటే పదకొండున్నరకు శ్రీకాకుళం. అక్కడి నుంచి తీరానికి పోయే బస్సు పన్నెండింటికి. ఈ దారిన వెళ్ళేవారు నీళ్ళు వెంట ఉంచుకోవాలి. ఏప్రిల్ మొదటి వారమే అయినా బస్సు రేకు చేయి పెట్టనివ్వలేదు. పక్కన ఖాళీ చేపల బుట్టతో కూర్చున్న ఆవిడ నాది ఏ ఊరో అడిగింది.

"హైద్రాబాద్ నుండి తాబేళ్ళు సూడ్డానికొచ్చినావేటమ్మా! మా వోళ్ళయితే వాటిని సూడ్డం మానీసి సానా దినాలైపోనాది" అంది.

ఒంటిగంటకు హేమలత గొడుగుతో బస్సు దగ్గరే నిలబడి ఉంది. ఎండకు నల్లబడింది, చిక్కిపోయింది. ముఖం మీద మంగు. అది చూసి ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఆ తర్వాత ఊళ్ళోకి నడుస్తుంటే వల అల్లుకునేవాళ్ళు, నీళ్ళ బిందెలతో పోయే ఆడవాళ్ళు, అందరూ "మేడం గారూ, సుట్టాలొచ్చారా?" అని ఆగి ఆగి పలకరించారు. పదకొండేళ్ళలో మా హేచరీలో నన్ను ఎవరూ గారూ అనలేదు. హాయి పోయింది.

ఆమె ఉండేది ఒక జాలరి ఇంట్లో, ముందు గది అద్దెకు. చేపల పులుసుతో అన్నం తిన్నాక ఎండ తగ్గనిచ్చి నాలుగున్నరకు ఒడ్డుకు తీసుకెళ్ళింది. ఒడ్డుకు కాస్త ఎగువన వెదురు కర్రలూ పాత వలలతో కంచె. లోపల వరుసగా ఇసుక గుంటలు, ఒక్కో దాని మీద నంబరు రాసిన పుల్ల. తాబేలు రాత్రి వచ్చి గుడ్లు పెట్టి పోతే, తెల్లవారేలోగా వాటిని తవ్వి తెచ్చి ఈ కంచెలో అదే లోతులో మళ్ళీ పాతిపెడతారు. నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు ఇసుకలోంచి పైకి రావాలి. కంచె మూల తాటాకు గుడిసెలో అప్పన్న అనే ముసలాయన కాపలా.

"ఇక్కడ మొదట్నుంచి ఇంత బయలేనా?" అని అడిగాను.

"నేదమ్మా" అన్నాడు అప్పన్న. "ఇదంతా సరుగుడు తోట. నిరుడు నరికేసినారు. అప్పుడు ఇసక సల్లగుండేది. ఎండ కూడ ఇలగ ఉగాదికే మండిపోయీది కాదు."

ఇసుకలో అక్కడక్కడా మొద్దులు కనిపిస్తున్నాయి. హేమలత ఒక మొద్దు మీద కూర్చుని తనకు తెలిసింది చెప్పింది. తాబేలు గుడ్డులో ఆడా మగా ముందే రాసి ఉండదట. గుడ్డున్న ఇసుక వేడే తేలుస్తుందట. బయటి దేశాల్లో ఈ మధ్యే కనిపెట్టారట.

"ముప్పై డిగ్రీల కాడికి ఉంటే రెండు రకాలూ పుడ్తయి. దానికి తక్కువైతే మగవి ఎక్కువ. పైకి పోయిన కొద్ది అన్నీ ఆడవే. ముప్పై నాలుగు దాటి గట్లనే నిలవడితే లోపలనే చస్తయి. చచ్చిన పిల్లలను కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తున్న. ఇప్పటిదాక ఒక్క మగది దొర్కలె. గని మూరెడు లోతుల చంపేటంత వేడి ఉంటదంటె నమ్మబుద్ధి అయితలేదు, కొలుద్దమంటే థర్మామీటర్ లేకపాయె."

"ఆడవే పుడితే మంచిదే గదనే! మా కాడ పుంజుపిల్లలను ఏరి పారేస్తరు. అన్నీ పెట్టలే అయితే మా సేటు పండుగ చేస్తడు."

హేమలత నవ్వలేదు. "ఏటేటా ఎండలు గిట్లనే ముందరికి జరిగితే, ఇంకో ముప్పై ఏండ్లకు ఇవి పెద్దగైనంక, ఈ ఒడ్డుకొచ్చే తాబేళ్ళకు జోడు ఏడికెళ్ళి వస్తదే? గుడ్లు పెడ్తయి, గని వట్టి గుడ్లు."

ఆమె సముద్రం వైపు చూస్తూ ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. ఆ నీళ్ళన్నీ తనవే అయినట్టు చూసింది. నా ఇంక్యుబేటర్ గదికి కిటికీ కూడా లేదు.

శుక్రవారం తెల్లవారి అయిదున్నరకు ఒడ్డంట నడిచి కొత్త గూడు ఒకటి వెతికి తెచ్చాం. గుడ్లు గుండ్రంగా, తెల్లగా, పింగ్‌పాంగ్ బంతుల్లా, పెంకు మెత్తగా ఉన్నాయి. కంచెలో హేమలత ఒక పాత గుంట తెరిచి చెడిపోయినవి ఉన్నాయేమో చూస్తోంది. నేను పక్కనే కూర్చున్నాను. పైన ఉన్న గుడ్డును అలవాటు కొద్దీ రెండు వేళ్ళతో తిప్పాను. మా దగ్గర గుడ్లను రోజుకు ఎన్నోసార్లు తిప్పాలి, లేకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోతుంది. రెండో గుడ్డు తిప్పేలోపు అప్పన్న కేక వేశాడు.

"తిప్పేత్తన్నావేటమ్మా! వొగ్గీ! లోన పిల్ల సచ్చిపోద్ది!"

చేయి వెనక్కి తీసుకున్నాను. హేమలత ఆ గుడ్డును ఎలా ఉన్నదో అలాగే సర్దింది. "తాబేలుది తిప్పద్దే. పెట్టిన కొద్ది సేపటికే లోపలి పిల్ల పైభాగానికి అతుక్కుంటది. తిప్పితే ఊడొస్తది" అని, తర్వాత చిన్నగా నవ్వి, "కోడిగుడ్డు వేరు, ఇది వేరు సుగుణా" అంది.

తప్పు నాదే. అయినా ఆ నవ్వు రోజంతా నా చెవిలో ఉంది. పిలిపించుకున్నది నేను గుడ్ల సంగతి తెలిసినదాన్నని. వచ్చి ఒక రోజు కూడా కాలేదు, గుడ్లను ముట్టుకోవడం తెలియని మనిషినయ్యాను.

తొమ్మిదింటికి హేమలత శ్రీకాకుళం వెళ్ళింది. మర్నాడు వాళ్ళ ప్రొఫెసర్ వస్తున్నారట, ఏవో కాగితాలు టైపు చేయించాలి. థర్మామీటర్ల పని నాకు అప్పజెప్పింది. సన్నని వెదురు గొట్టాన్ని గుంట పక్కన మూరెడు లోతు దింపి, దాని లోపలికి దారం కట్టిన థర్మామీటరు వదిలి, కాసేపు ఆగి తీసి చూడాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం.

అసలు థర్మామీటరు దించక ముందే నాకు తెలిసిపోయింది. ఏడో గుంట పక్కన గొట్టం కోసం తవ్వుతుంటే మోచేతి దాకా ఇసుకలోకి పోయింది. లోపల చల్లబడాలి. చల్లబడలేదు, లోపల కూడా కాలుతోందని పక్కనున్న అప్పన్నతో అన్నాను. పదకొండేళ్ళు గుడ్ల మధ్య తిరిగిన చేయి అది, ఒక డిగ్రీ తేడాను కూడా పట్టుకుంటుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు తీసి చూస్తే ముప్పై అయిదున్నర. మా గదిలో ఆ అంకె కనిపిస్తే గుడ్లకు చలి పెట్టిందని పరుగెత్తి హీటరు చూస్తాం. అక్కడ చలి, ఇక్కడ చావు. మూడు గంటలకు మళ్ళీ చూశాను. కదల్లేదు. ఎనిమిదో గుంట, తొమ్మిదో గుంట, అన్నీ ముప్పై నాలుగు పైనే. అప్పన్న గుడిసె నీడ పడే పదమూడో గుంట ఒక్కటే ముప్పై ఒకటి.

గుడ్లు ఎందుకు చస్తున్నాయో హేమలతకు నలభై రోజులుగా అర్థం కాలేదు. నాకు ఒక్క పూటలో అర్థమైంది. పందిరి వేస్తే చాలు.

పుస్తకంలో అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాను. ఆరింటికి హేమలత వచ్చింది, చెమటతో, చేతి నిండా కాగితాలతో.

"వేడి ఎంతున్నదే?" అంది.

"మంచిగనే ఉన్నది. రాసి పెట్టిన" అన్నాను.

ఎందుకలా అన్నావని అడిగితే ఇవాళ్టికీ నేను చెప్పగలిగింది ఇంతే. పొద్దుటి నవ్వు ఇంకా నాలో ఉంది. రేపు ప్రొఫెసర్ ముందు ఆమె తడబడితే చూడాలని ఉంది. ఆయన వెళ్ళాక, ఆమె ఇంకోసారి నన్ను అడిగాక, అప్పుడు చెబుదామనుకున్నాను. నోటితో అబద్ధం ఆడగలిగాను గాని పుస్తకంలో తప్పు అంకె రాయడానికి చేయి రాలేదు. అది అలవాటు, మంచితనం కాదు.

శనివారం పదకొండింటికి ప్రొఫెసర్ గారు జీపులో వచ్చారు. తెల్ల టోపీ, నల్ల కళ్ళద్దాలు. కంచె చుట్టూ ఒకసారి తిరిగి, ఫోటోలు తీయించి, గుడిసె నీడలో నిలబడ్డారు. నేను కొబ్బరి బొండాలు తెచ్చి ఇచ్చాను.

"ఈవిడ?" అన్నారు.

"మా ఊరి అమ్మాయి సార్. కోళ్ళ ఫారంలో పని చేస్తుంది. థర్మామీటర్లు తెచ్చి ఇచ్చింది" అంది హేమలత.

దోస్తు అనలేదు. చిన్నప్పటి నుంచి కలిసి చదివామని అనలేదు. ఆయన మంచిది, మంచిది అని బొండాం తాగారు. "ఇంతకీ ఇసుక వేడి ఎంత ఉంది?" అని అడిగారు.

"చూస్తున్నాం సార్" అంది హేమలత.

అప్పుడు నేను ఒక మాట అనవచ్చు. పుస్తకం నా చేతిలోనే ఉంది. ఆయన ఆమెతో, "వట్టి చేతులతో ఇంత పని చేస్తున్నావు, వచ్చే ఏడు ఢిల్లీలో నీ చేత మాట్లాడిస్తాను" అంటున్నారు. ఆమె ముఖం వెలిగిపోయింది. నేను పుస్తకం మూసి ఖాళీ బొండాలు ఏరుకున్నాను. జీపు వెళ్ళాక మధ్యాహ్నం ఏడో గుంటలో అంకె ముప్పై ఆరు దగ్గరికి వచ్చింది. పొదిగే రోజుల చివర్లో పిల్లలు గుడ్డులోనే కదులుతాయి, వాటి ఒంటి వేడి కూడా తోడవుతుంది. కోడిగుడ్లకూ అంతే. ఆ సంగతి తెలిసి కూడా రాసి, మూసి, గదికి పోయి పడుకున్నాను.

ఏడో గుంట ఆదివారానికి గడువు. పిల్లలు వచ్చే ముందు గుంట మీద ఇసుక కొంచెం కుంగుతుందట. తెల్లవారే అప్పన్న వెళ్ళి చూశాడు, కుంగలేదు. ఎనిమిదింటి దాకా ఆగి హేమలత చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూర్చుని ఇసుక లాగాను. మొదట వాసన వచ్చింది. తర్వాత గుడ్లు, కొన్ని నల్లబడి, కొన్ని మామూలుగానే. బతికిన పిల్లలు ఆరు. అవీ ఇసుకను తోసుకుని పైకి రాలేక మధ్యలోనే ఇరుక్కుని ఉన్నాయి. మిగిలినవి నూట నాలుగు.

పొదగని గుడ్లను పగలగొట్టి లోపలి పిల్ల ఏ రోజున చచ్చిపోయిందో చెప్పడం నా ఉద్యోగంలో భాగం. నన్ను ఎవరూ చెప్పమనలేదు. నేనే ఒక్కొక్కటి చీల్చి చూశాను. కొన్ని చాలా ముందే పోయాయి. కానీ ముప్పై దాకా పిల్లలు పూర్తిగా ఎదిగి ఉన్నాయి. రెక్కల్లాంటి కాళ్ళు, డొప్ప మీద గీతలు, ముక్కు మీద పెంకు పగలగొట్టుకునే చిన్న ములుకు, అన్నీ తయారు. కళ్ళు ఇంకా తేటగా ఉన్నాయి. మెత్తబడలేదు. అవి పోయి రెండు రోజులు మించలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి అవి బతికే ఉన్నాయి.

"హేమా, ఎండే చంపుతున్నదే. ముప్పై అయిదు దాటింది. పందిరి ఎయ్యాలె, ఇప్పుడే" అన్నాను.

ఎప్పటి నుంచి అని ఆమె అడగలేదు. లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు దోపుకుంది. "అప్పన్నా, తాటాకులు దొరుకుతాయా?" అంది.

తర్వాత మధ్యాహ్నం దాకా ఎవరం కూర్చోలేదు. అప్పన్న ఊళ్ళోకి కేక వేశాడు. ఆదివారం కదా, వేటకు పోని మగవాళ్ళు వచ్చి వెదుళ్ళు పాతారు. ఆడవాళ్ళు తాటాకు మోపులు, చిరిగిన తెరచాప ఒకటి తెచ్చారు. గాలి ఆడేలా పందిరి ఎంత ఎత్తు ఉండాలో, నీళ్ళు ఎంత దూరం నుంచి చల్లాలో నేను చెప్పాను. ఎక్కువ తడిస్తే గుడ్లకు ఊపిరి ఆడదు. "ఆ యమ్మ సెప్పినట్టు సెయ్యండర్రా" అని అప్పన్న అందరికీ నన్ను చూపించాడు. ఇంకో రోజైతే ఆ మాటకు పొంగిపోయేదాన్ని. నా చేతులకు ఇంకా ఏడో గుంట వాసన ఉంది.

సాయంత్రం అయిదింటికి ఎనిమిదో గుంటలో ముప్పై మూడు. దిగడం మొదలైంది.

సోమవారం నా తిరుగు ప్రయాణం. పొద్దున అయిదున్నరకు అప్పన్న తలుపు కొట్టాడు. గుడిసె నీడలో ఉన్న పదమూడో గుంట మీద ఇసుక కుంగింది. మేము పరుగెత్తుకుని వెళ్ళేసరికి ఇసుక ఉడుకుతున్నట్టు కదులుతోంది. ఒక తల, రెండు, తర్వాత లెక్కపెట్టలేకపోయాం. అరచేతిలో సగం కూడా ఉండవు, బొగ్గు రంగు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, దొర్లి, లేచి, అన్నీ నీళ్ళ వైపే. హేమలత కంచె వల పైకెత్తి పట్టుకుంది. నేను కాకుల్ని తోలాను. మొదటి అల వచ్చి కొన్నింటిని వెనక్కి విసిరేసింది. అవి మళ్ళీ నడిచాయి.

"వీటిల మగవి ఉండొచ్చే" అని హేమలత గుసగుసగా అంది. చెంపల మీద నీళ్ళు.

మా హేచరీలో పిల్లలు ట్రేలో పుట్టి అట్టపెట్టెలో పోతాయి. ఎటు పోతాయో నేను చూడను. ఈమె ప్రతి ఏడూ ఇలాంటి తెల్లవారు చూస్తుంది. ఏడో గుంటను చూసి ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు, నాలో మళ్ళీ ఆ మంట లేచింది. దాన్ని దాచి చెప్పడంలో అర్థం లేదు.

పదిన్నరకు బస్సు. చెట్టు కింద ఇద్దరమే ఉన్నాం. చెప్పకుండా ఎక్కితే ఎప్పటికీ చెప్పలేనని తెలుసు.

"హేమా, నాకు శుక్రవారం నాడే తెల్సు. నువ్వు అడిగితె మంచిగనే ఉన్నదని అబద్ధం చెప్పిన. నీ మీద కుళ్ళుతోని చెప్పిన."

ఆమె గొడుగు కొనతో ఇసుకలో గీస్తూ ఉంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నాకు గుడ తెల్సు. శుక్రవారం పొద్దుగూకినంక నువ్వు స్నానానికి పోయినవు గద, అప్పుడు నీ పుస్తకం చూసిన."

నాకు అర్థం కాలేదు. "చూసి?"

"చూసి మూసేసిన. పొద్దుగాల సార్ వస్తున్నడు. ఆయన వచ్చేసరికి పందిరి ఉంటే ఎందుకని అడుగుతడు. నలబై దినాల సంది ఇంత చిన్న ముచ్చట ఎర్కలేదా అంటడు. ఎవరు పట్టుకున్నరంటే నీ పేరు చెప్పాలె. నువ్వు వచ్చిన రెండో దినమే పట్టుకున్నవు. చెయ్యి పెట్టి పట్టుకున్నవని అప్పన్న చెప్పిండు. నాకు మస్తు కోపమొచ్చింది సుగుణా, సార్ పోయినంక గుడ నోరు తెర్వబుద్ధి కాలె. ఇంటర్ల ఆరు మార్కులు ఎక్కువొచ్చిననాడు గుడ గంతే అయింది. ఆ రోజు నేను అన్నం తినలె."

సిగ్గుపడుతూనే రాస్తున్నాను, ముందు నాకు కలిగింది సంతోషం. ఈమె నన్ను చూసి కుళ్ళుకుంది! పేపర్లో ఫోటో వచ్చిన మనిషి, ఢిల్లీ పోబోయే మనిషి, నా మార్కులు ఇన్నేళ్ళు మోసింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. తేటగా ఉన్న ఆ కళ్ళు గుర్తొచ్చాయి. ఒడ్డున ఇద్దరం ఉన్నాం. ఇద్దరికీ వేడి సంగతి తెలుసు. ఇద్దరం రెండు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాం.

"పందిరి శుక్రవారమే ఏస్తే బతికేటివా?" అని అడిగాను.

"కొన్ని బతికేటివేమో. కాదని చెప్పలేను" అంది. "రిపోర్టుల ఏడో గుంట సంగతి రాస్త. ఎవరు పట్టుకున్నరో రాస్త. రెండు దినాలు ఎందుకు ఆగినమో మాత్రం ఎట్ల రాయాలో సమజైతలేదు."

బస్సు వచ్చింది. ఆమె నా సంచీ పైకి అందించింది. ఇద్దరం ఒకరి చేయి ఒకరం పట్టుకున్నాం.

శ్రీకాకుళంలో భోజనం, మూడున్నరకల్లా విశాఖపట్నం. సాయంత్రం రైలుకు గంటకు పైగా సమయం ఉంది కాబట్టి ఈ దారిన వచ్చేవారు తొందరపడనక్కర్లేదు. తాబేలు పిల్లల్ని చూడాలనుకుంటే మార్చి నెలాఖరు నుంచి రండి. తెల్లవారే ఒడ్డు మీద ఉండండి. గుడ్లను తిప్పవద్దు. చుట్టూ నీడ లేని కంచె కనిపిస్తే అడగండి. ఎవరో ఒకరు అడగాలి.

రైల్లో నా పక్కన రాజమండ్రిలో దిగే ఒకావిడ కూర్చుంది. టీచరట. ఎక్కడికి వెళ్ళి వస్తున్నానని అడిగితే మొత్తం చెప్పాను, ఇసుక వేడి, ఆడా మగా, పందిరి, పొద్దుటి పిల్లలు. ఏడో గుంట దాకా వచ్చి ఆగిపోయాను.

"భలే ఉందండీ! అయితే ఎండలు ఇలాగే పెరిగితే పాపం వాటికి పెళ్ళికొడుకులే ఉండరన్నమాట" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "అబ్బే, నవ్వేది కాదండీ ఇది."

"కాదండీ" అన్నాను.

తుని దాటింది. కిటికీలోంచి వచ్చే గాలి ఇంకా వేడిగానే ఉంది. ఆవిడ తన టిఫిన్ డబ్బా మూసి పక్కన పెట్టి అడిగింది.

"ఆ ఒడ్డున ఒక్కర్తే ఉండి వాటి కోసం అంత పాటు పడుతోందే, మీ స్నేహితురాలు ఎలాంటి మనిషండీ?"

"నాలాంటిదే" అన్నాను.

ఆవిడ దాన్ని మెచ్చుకోలనుకుంది. తల ఊపి, అదృష్టవంతులండీ మీరిద్దరూ, అంది.